పుట్టికి ఎన్ని కిలోలు? మా వడ్ల కొనుగోలు లెక్కల డైరీ

2024 నవంబరు, నాట్లు పడుతున్నాయి

నెల్లూరు జిల్లాలో కనిగిరి రిజర్వాయరు కాలవల కింద, బుచ్చిరెడ్డిపాళెం చుట్టుపక్కల ఊళ్ళ రైతులు సభ్యులుగా ఉన్న చిన్న ఉత్పత్తిదారుల కంపెనీ మాది. సభ్యుల వడ్లు కొంటాం. ఎక్కువ భాగం మిల్లులకు అమ్ముతాం, కొంత కూలికి ఆడించి బియ్యంగా అమ్ముతాం. కొనుగోలు లెక్కలు నేను చూస్తాను. ఈ సీజనుకు ఒక పని నెత్తికెత్తుకున్నాను. కాటా మీద వడ్లు పెట్టినప్పటి నుంచి రైతు ఖాతాలో డబ్బు పడేదాకా పుట్టే ప్రతి అంకె ఒకచోట చేరాలి. ఆ అంకె రైతు చేతిలోనూ ఉండాలి. రెండో సగం జరగకపోతే మొదటి సగం వల్ల ఆఫీసుకు తప్ప ఎవరికీ లాభం లేదు.

పాత కొనుగోలు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. పేరు, ఊరు, బస్తాలు, తూకం, తరుగు, నికరం, ధర, మొత్తం. ఇవీ గడులు. ఏ ఊళ్ళో ఏ రైతుతో మాట పెరిగినా అది తరుగు గడి దగ్గరే పెరిగింది. ధర గురించి గొడవ తక్కువ, పక్కూరికి ఫోను చేస్తే ధర తెలిసిపోతుంది. తరుగు మాత్రం కాటా రాసే మనిషి చెప్పే అంకె. అందులో సంచి బరువుంది, తేమ ఉంది, తాలు, మట్టి ఉన్నాయి, రంగు మారిన గింజ ఉంది, ఎండబెట్టే కూలి ఉంది, ఎందుకైనా మంచిదని కలిపిన కిలో కూడా ఉంది. ఇన్నీ కలిపి ఒక్క అంకెగా రాస్తే రైతు దేన్ని ప్రశ్నించాలో తెలియదు. కొన్నవాళ్ళు తాము తీసింది న్యాయమేనని చూపించడానికీ ఆధారం మిగలదు.

అందుకని మొదటి నిర్ణయం తీసుకున్నాం. కొత్త లెక్కలో తరుగు అనే గడి ఉండదు. దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో కొలత, ఒక్కో కారణం రాస్తాం. కొలవలేనిది తీసెయ్యకూడదు.

బయటి జిల్లాల వాళ్ళ కోసం ఒక మాట. నెల్లూరులో వడ్ల ధర పుట్టి లెక్కన చెప్పుకుంటాం. పుట్టి అంటే 850 కిలోలు. 2024-25కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,300 రూపాయలు, గ్రేడ్-ఎ రకానికి 2,320. అంటే గ్రేడ్-ఎ పుట్టి 19,720. కంప్యూటరులో అన్నీ కిలోల్లోనే దాస్తాం, రైతుకు చూపించేటప్పుడు మాత్రం పుట్టి లెక్కకు మారుస్తాం. మనిషి ఏ కొలతలో ఆలోచిస్తాడో కాగితం ఆ కొలతలోనే మాట్లాడాలి.

సాఫ్ట్‌వేరు సంగతి క్లుప్తంగా రాసుకుంటాను. కల్లం దగ్గర సిగ్నలు నమ్మకం లేదు కాబట్టి ఫారం నింపడానికి కోబో టూల్‌బాక్స్ తీసుకున్నాం. నెట్ లేకపోయినా ఫోనులో నింపుకోవచ్చు, సిగ్నలు దొరికినప్పుడు పంపుతుంది. వెనకాల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ లెక్కలు దాచడానికి, వాటిని పట్టికలుగా, గీతలుగా చూడడానికి మెటాబేస్. మూడూ ఖర్చు లేకుండా మొదలుపెట్టగలిగినవే. గూగుల్ షీటుతో కూడా కొంత దూరం పోవచ్చు. కానీ ఇద్దరు ముగ్గురు ఒకే షీటు దిద్దుతుంటే ఏ అంకెను ఎవరు ఎప్పుడు మార్చారన్నది వెతుక్కోవాలి. డబ్బు లెక్కలో ఆ వెతుకులాట పనికిరాదు. మా డేటాబేస్‌లో ఒకసారి పడ్డ తూకం చెరిగిపోదు. దిద్దుబాటు అవసరమైతే కింద ఇంకో వరుస పడుతుంది, దిద్దిన మనిషి పేరు, కారణం పక్కన ఉంటాయి.

డిసెంబరు, రైతు అంటే ఎవరు

సభ్యుల జాబితా ఎక్కిస్తుంటే అసలు చిక్కు ఇక్కడుందని తేలింది. ఒక ఊళ్ళో ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ముగ్గురు నలుగురున్నారు. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం మనది, అది మారదు, మారాల్సిన పని కూడా లేదు. ఇంగ్లీషులో రాస్తే ఒక్కో గుమాస్తా ఒక్కో స్పెల్లింగు రాశాడు. పేర్లన్నీ తెలుగులోకి మార్చాం. తండ్రి లేదా భర్త పేరు, ఊరు, చేను సర్వే నంబరు కలిపి చూస్తేనే మనిషి ఎవరో తేలేలా పెట్టుకున్నాం. ఆధార్ నంబరు తీసుకోవద్దని నేను పట్టుబట్టాను. మనకు అవసరం లేనిది మన దగ్గర ఉండకూడదు. బ్యాంకు ఖాతా నంబరు చాలు, అది కూడా డబ్బు వేసే మనిషికి తప్ప ఇంకెవరికీ కనిపించదు.

ఫోను నంబరుతో మనిషిని గుర్తుపట్టవచ్చు అని చాలామంది సలహా ఇచ్చారు. మా దగ్గర కుదరదు. పాసుపుస్తకం భార్య పేరున ఉంటుంది, చేను భర్త చూస్తాడు, రాసుకున్న నంబరు చెన్నైలోనో బెంగుళూరులోనో ఉద్యోగం చేసే కొడుకుది. మెసేజి కొడుక్కి పోతుంది, కల్లంలో నిలబడ్డ తల్లికి ఏమీ తెలియదు. ఫోను అన్నది ఎవరిది, చదివేది ఎవరు అని రెండు గడులు చేర్చాం.

ఇంతకన్నా పెద్దది కౌలు సంగతి. సాగు చేసేది ఒకరు, పుస్తకంలో పేరు ఇంకొకరిది. 2019లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకు పదకొండు నెలలు చెల్లే సాగుదారు హక్కు పత్రం ఇస్తారు. కానీ దానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెట్టడానికి వెనకాడేవాళ్ళు ఊరికి ఎంతమంది ఉన్నారో ఇక్కడ అందరికీ తెలుసు. పత్రం లేకపోతే ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో చాలాసార్లు యజమాని పేరే పడుతుంది, ప్రభుత్వ కొనుగోలులో డబ్బు ఆ పేరు మీదే వస్తుంది. మేము కొనేటప్పుడు ఆ దారి పట్టనక్కర్లేదు. అందుకని డేటాబేస్‌లో మనిషి వేరు, చేను వేరు, లాటు (ఒకసారి కాటాకు తెచ్చిన వడ్లు) వేరు. చేనుకు యజమాని ఉంటారు. లాటుకు సాగుదారు ఉంటారు. డబ్బు లాటును బట్టి పోతుంది. కూర్చుని రాస్తే చిన్న మార్పే. దీనివల్ల కౌలు రైతు పేరు మొదటిసారి ఒక లెక్కలోకి వచ్చింది. వచ్చే ఏడు ఎరువుల అప్పు ఇవ్వాల్సి వస్తే, ఈ మనిషి ఇన్ని పుట్లు పండించి తెచ్చాడని చూపించడానికి ఒక ఆధారం ఉంటుంది.

కౌలు రైతు ఒకాయన పక్కకు పిలిచి అడిగాడు. "నాయనా, ఈ లెక్క బ్యాంకోళ్ళకి పోతాదా? మా ఆసామికి కనబడతాదా?" బ్యాంకుకు పోదు, భూయజమానికి కనబడదు అని చెప్పాను. నోటిమాట చాలదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని ఉద్దేశం ప్రకారం ఏం తీసుకుంటున్నాం, ఎందుకు, ఎవరికి చూపిస్తాం అని తెలుగులో ఒక పేజీ రాసి, చదివి వినిపించి, ఒప్పుకున్నవాళ్ళవే ఎక్కిస్తున్నాం. ఒప్పుకోని వాళ్ళ వడ్లు కూడా కొంటాం. వాళ్ళ లాటుకు పేరు లేకుండా నంబరు పడుతుంది.

2025 జనవరి, కోతల క్యాలెండరు

పండగ ముందూ వెనకా ఒకే పని చేశాం. నారు పోసిన తేదీలు, రకం సేకరించాం. ఎన్ఎల్ఆర్ 34449, మా ఊళ్ళల్లో నెల్లూరు మసూరి, సుమారు 120 నుంచి 125 రోజుల పంట. ఆర్ఎన్ఆర్ 15048 కూడా దాదాపు అంతే. బీపీటీ 5204 అయితే అయిదు నెలలకు దగ్గర పడుతుంది. తేదీకి రోజులు కలిపితే ఏ కాలవ కింద ఏ వారంలో ఎన్ని ఎకరాలు కోతకొస్తాయో తెలిసిపోతుంది. గోతాలు ఎన్ని కావాలి, లారీ ఎప్పుడు చెప్పాలి, ముఠా మేస్త్రీకి ఏ ఊరు ముందు అని ఇప్పుడే చెప్పవచ్చు.

సెంటినెల్ ఉపగ్రహం చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఈశాన్య రుతుపవనాల మబ్బుల్లో కూడా రాడారు చిత్రంలో నీళ్ళు నిలిచిన మడి, నాటు పడ్డ మడి తేడాగా కనిపిస్తాయి. కొంత చూశాం. పెద్ద ఆయకట్టుకు, ప్రభుత్వ శాఖకు అది ఉపయోగమే. మా అంత చిన్న కంపెనీకి ఫోను చేసి "అన్నా, నారు ఎప్పుడు పోసినావు, ఏ రకం?" అని అడగడం అంతకన్నా గట్టి సమాచారం. అడిగినందువల్ల మాట కలుస్తుంది. కాలవ చివర నీళ్ళు అందక రెండు మళ్ళు ఎండాయనో, తెగులు పడిందనో ఆ మాటల్లోనే తెలుస్తుంది. ఫారంలో చివర 'రైతు చెప్పిన మాట' అని ఒక ఖాళీ గడి పెట్టాం. నేను ఎక్కువ చదివేది దాన్నే.

ఫిబ్రవరి, తేమ లెక్క

మొదటి మిషన్ కోతలు మొదలయ్యాయి. ఈ నెల మొత్తం ఒక్క లెక్క మీదే పెట్టాం, పెట్టాలి కూడా.

మద్దతు ధర వడ్లకు తేమ పరిమితి 17 శాతం. మిషన్ కోత వడ్లు కల్లంలోకి వచ్చేటప్పటికి 20, 22, ఒక్కోసారి ఇంకా పైన ఉంటాయి. ఎండబెట్టడానికి చోటు లేదు, కూలీలు లేరు, మబ్బు పడితే భయం. అందుకే తడి వడ్లు అక్కడికక్కడే అమ్మేస్తారు. కొనేవాళ్ళు తేమ ఎక్కువుందని పుట్టికి 850 బదులు 920, 950 అడుగుతారు. వెయ్యి కిలోలు అడిగిన సంగతులు జిల్లాలో ఎన్నో ఏళ్ళుగా వింటున్నవే. ఎక్కువ అడగడంలో తప్పులేదు, నీళ్ళకు బియ్యం ధర ఎవరూ ఇవ్వరు. ఎంత ఎక్కువ అన్నదే ప్రశ్న. దానికి జవాబు బేరంలో తేలేది కాదు, లెక్కలో తేలేది.

17 శాతం తేమ ఉన్న 850 కిలోల పుట్టిలో నీళ్ళు పోగా గింజ 705 కిలోల 500 గ్రాములు. తడి వడ్లలో కూడా అంతే గింజ రావాలి. 705.5ను ఆ వడ్లలోని పొడి భాగంతో, అంటే 18 శాతం తేమ అయితే 0.82తో, భాగిస్తే న్యాయమైన పుట్టి వస్తుంది. 18 శాతం తేమ ఉంటే 860 కిలోలు. 19కి 871. 20కి 882. 21కి 893. 22కి దాదాపు 904 కిలోల 500 గ్రాములు. 23కి 916. 24కి 928.

ఇదే లెక్కను తిప్పి చూసినప్పుడు ఆఫీసులో అందరం కాసేపు మాట్లాడలేదు. పుట్టికి 950 కిలోలు న్యాయం కావాలంటే వడ్లలో తేమ 25 శాతం దాటి ఉండాలి. వెయ్యి కిలోలు న్యాయం కావాలంటే 29 శాతం దాటాలి. 21 శాతం వడ్లకు 950 తీసుకుంటే రైతు పుట్టికి 57 కిలోలు ఊరికే ఇచ్చినట్టు. అందులో ఎక్కువున్న నీళ్ళు తీసేస్తే 17 శాతం తేమ లెక్కన 54 కిలోలు, గ్రేడ్-ఎ మద్దతు ధరకు దాదాపు 1,260 రూపాయలు. ఎకరాకు నాలుగు పుట్లు పండితే ఎకరాకు దాదాపు 5,040. కౌలు రైతుకు ఆ అయిదు వేలు చిన్న మొత్తం కాదు.

ఈ సూత్రం నీళ్ళ లెక్క మాత్రమే చెబుతుంది. ఎండబెట్టాలంటే పట్టలు, కూలీలు, మూడు నాలుగు రోజుల చోటు కావాలి, కొంత గింజ నేలపాలవుతుంది. ఆ ఖర్చు నిజమైనదే. కానీ దాన్ని కిలోల్లో దాచకూడదు. ఎండబెట్టే కూలి అని రూపాయల్లో వేరే వరుస రాస్తున్నాం. "ఇంత కూలి ఎందుకు, నేనే ఎండబోసి తెస్తా" అని రైతు అనగలగాలి. కొందరు అప్పుడే అన్నారు, తెచ్చారు.

ఈ తేమ పట్టీని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి కాటా పక్కన కట్టాం. తేమ మిషన్‌లో అంకె చూసి, పట్టీలో వేలు పెట్టి చూసుకోవచ్చు. సాఫ్ట్‌వేరు చేసేదీ ఆ లెక్కే. గోడ మీద ఉన్నదీ ఫోనులో ఉన్నదీ ఒకటే అయితే ఫోనును నమ్ముతారు.

ఫిబ్రవరి చివర, తేమ మిషన్లు

పట్టీ సరిగ్గా ఉన్నా మిషన్ సరిగ్గా లేకపోతే అంతా వృథా. మా రెండు మిషన్లలో ఒకే దోసెడు వడ్లు పోస్తే వేర్వేరు అంకెలు వచ్చాయి. ఒక శాతం తేడా అంటే పుట్టికి పదకొండు కిలోల తేడా అని పైన పట్టీయే చెబుతోంది. ఇలాంటి డిజిటల్ మిషన్లు విద్యుత్తుకు గింజ ఎలా స్పందిస్తుందో చూసి తేమ అంచనా వేస్తాయి. గింజ వేడిగా ఉన్నా, కప్పులో వదులుగా పోసినా కుదించి పోసినా అంకె మారుతుంది. మధ్యాహ్నం ఎండలో రాశి పైపొర నుంచి తీస్తే ఒక అంకె, లోపల నుంచి తీస్తే ఇంకొకటి.

పద్ధతి ఇలా పెట్టాం. రాశికి అయిదు చోట్ల, పైనా మధ్యా అడుగునా, నమూనా తీయాలి. నీడలో చల్లారనివ్వాలి. రైతే కప్పులో పోయాలి. అయిదు అంకెలూ ఫారంలో ఎక్కించాలి, సగటు సాఫ్ట్‌వేరు కడుతుంది. మనం సగటు మాత్రమే రాస్తే అయిదు చోట్ల తీశామా ఒక్కచోటే తీశామా అన్నది ఎవరికీ తెలియదు. అయిదింటి మధ్య తేడా మరీ ఎక్కువైతే ఫారం ఆగి మళ్ళీ తీయమంటుంది. ప్రతి ఉదయం ఒకే మూసిన సీసాలోని వడ్లను రెండు మిషన్లలో చూసి ఆ అంకె కూడా ఎక్కిస్తున్నాం. ఏ మిషన్ దారి తప్పుతోందో మెటాబేస్‌లో గీత చూస్తే తెలుస్తుంది.

మార్చి, కోతలు జోరుమీద

కాటా దగ్గర చేత్తో రాయడం తీసేశాం. ఎలక్ట్రానిక్ కాటాల్లో చాలావాటికి అంకె చూపే ఇండికేటరు వెనక, ఆ అంకెను కంప్యూటరుకు పంపే సీరియల్ పోర్టు ఉంటుంది. అక్కడ నుంచి చిన్న కంప్యూటరుకు తీగ వేసి, ప్రోగ్రాములు రాసే భాష అయిన పైతాన్‌లో చిన్న ప్రోగ్రాము రాశాం. అంకె కదలకుండా నిలబడ్డాకే తీసుకుంటుంది, లేకపోతే బస్తా దించేటప్పటి ఊగిసలాట కూడా తూకంగా పడిపోతుంది. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటాలే వాడుతున్నాం, ముద్ర తేదీ కూడా లాటు వివరాల్లో పడుతుంది.

సంచి బరువు దగ్గర చిన్న విషయం పెద్దదిగా తేలింది. ప్రభుత్వ కొనుగోలుకు వాడే కొత్త జనపనార సంచి బరువు 580 గ్రాములు. పాతది ఇంకా తగ్గవచ్చు, ప్లాస్టిక్ సంచి చాలా తేలిక. అలవాటుగా సంచికి కిలో తీసేస్తారు. బస్తాకు 40 కిలోల లెక్కన పుట్టికి 21 బస్తాలు దాటుతాయి. కిలోకు, 580 గ్రాములకు మధ్య తేడా పుట్టికి దాదాపు 9 కిలోలు. ఇప్పుడు ప్రతి లాటుకు పది ఖాళీ సంచులు ఒకేసారి కాటా మీద పెట్టి, వచ్చింది పదితో భాగిస్తున్నాం. ఒక్క నిమిషం పని.

రైతుకిచ్చే కాగితం మీద చాలా శ్రమ పడ్డాం. చిన్న థర్మల్ ప్రింటర్లకు తెలుగు రాదు. అక్షరాలు పంపితే చెత్త వస్తుంది. కాగితాన్ని మొత్తం బొమ్మగా తయారు చేసి పంపాలి. పైతాన్‌లో బొమ్మ గీసే పిల్లో లైబ్రరీ మామూలుగా వాడితే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. 'క్వింటాలు', 'పుట్టి' చదవడానికే రావు. రాక్మ్ అనే అక్షరకూర్పు తోడు పెడితే గుణింతాలు, ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. నోటో తెలుగు ఫాంటు వాడాం. ఇలాంటి పని చేసేవాళ్ళెవరైనా ఉంటే ఈ రెండు మాటలు వాళ్ళకు చాలా సమయం మిగులుస్తాయి. థర్మల్ కాగితం మీద అచ్చు ఎండకు, చెమటకు వెలిసిపోతుంది కాబట్టి అదే బొమ్మను వాట్సాప్‌లో కూడా పంపుతున్నాం.

కాగితంలో వరుసలు ఇవి. కాటా తూకం. సంచుల బరువు. తేమ అయిదు అంకెలు, సగటు. ఆ తేమకు పుట్టి ఎన్ని కిలోలు. మట్టి, తాలు శాతం, ఎంత తీశాం. రంగు మారినవి, మొలకెత్తినవి. ఎండబెట్టే కూలి రూపాయల్లో. ధర. మొత్తం. నాణ్యత వరుసలకు ప్రభుత్వ ప్రమాణాలనే గీతగా పెట్టుకున్నాం. మట్టి, రాళ్ళు 1 శాతం దాకా, గడ్డి, చెత్త 1 శాతం దాకా, పాడైన, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు తిన్న గింజలు 5 శాతం దాకా, పక్వానికి రాని, ముడుచుకున్న గింజలు 3 శాతం దాకా, కలిసిన తక్కువ రకం గింజలు (కేళీలు) 6 శాతం దాకా. ఆ గీత లోపల ఉంటే ఏమీ తీయం. దాటితే దాటినంతే.

చదవలేని వాళ్ళకు ఏం చేయాలి? మా కాటా అబ్బాయి ఉపాయం చెప్పాడు. కాగితం చదివి వినిపిస్తూ వాట్సాప్‌లో వాయిస్ మెసేజి పెడుతున్నాడు. "పెద్దమ్మా, మీ వడ్లు ఇంత, తేమ ఇంత, సంచులకి ఇంత పోయింది." యంత్రం గొంతు పెట్టవచ్చని ఎవరో అన్నారు, నేను వద్దన్నాను. తెలిసిన గొంతైతే తిరిగి ప్రశ్న అడుగుతారు.

మా దగ్గర అమ్మని సభ్యులు కొందరు రైతు సేవా కేంద్రాల ద్వారా ప్రభుత్వానికి అమ్ముకున్నారు. 2024 నవంబరు నుంచి వాట్సాప్‌లోనే సమయం బుక్ చేసుకునే వీలు ఉంది కదా, బుకింగు చేసిపెట్టాం, తేమ ఇక్కడే చూసి పంపాం. మాకు కమిషను రాదు. అయినా అది కూడా మా పనే అనుకుంటున్నాను. ఏ దారిలో ఎక్కువ మిగిలితే రైతు ఆ దారిలోనే పోవాలి.

ఏప్రిల్, మిల్లు చెప్పిన సంగతులు

కూలికి ఆడించిన లాట్ల ఫలితాలు వచ్చాయి. ప్రభుత్వానికి వడ్లు ఆడించి ఇచ్చే మిల్లులు పచ్చి బియ్యమైతే వంద కిలోల వడ్లకు 67 కిలోల బియ్యం అప్పగించాలి. మాకు ఆ మొత్తం కన్నా అందులో నిండు గింజ ఎంత, నూక ఎంత అన్నదే ముఖ్యం. అమ్ముడుపోయే ధర దాన్ని బట్టే ఉంటుంది.

లాటు నంబరుతో వెనక్కి పోతే చేను, రకం, కోత తేదీ అన్నీ ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే రకం, ఒకే కాలవ, అయినా నూక తేడాగా ఉంది. నూక ఎక్కువ పడ్డ లాట్లలో చాలావాటికి ఒక పోలిక కనిపించింది. పంట పండిపోయాక కోత మిషన్ దొరక్క ఆలస్యంగా కోసినవి. చేలోనే గింజ బాగా ఆరిపోయి, రాత్రి మంచుకు మళ్ళీ తడిస్తే గింజ లోపల పగుళ్ళు వస్తాయి, మరలో విరుగుతుంది. సిమెంటు గచ్చు మీద మిట్టమధ్యాహ్నం పలచగా పోసి గబగబా ఎండబెట్టినా అదే జరుగుతుంది. ఇది శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెబుతున్నదే. కానీ మీ చేను, మీ లాటు, ఇంత నూక అని చూపించినప్పుడు వినే తీరు వేరుగా ఉంది.

ఒక అన్న కాగితం పట్టుకుని చాలాసేపు చూశాడు. "నేను తేమ తగ్గితే మంచిదని ఆగినా. మీరు తేమకి డబ్బు పట్టుకుంటారని." ఈ మాట నన్ను వదల్లేదు. తేమకు కోత పెట్టే పద్ధతి రైతును ఆలస్యం వైపు నెడుతోంది, ఆలస్యం నూకను పెంచుతోంది, నూక ధరను తగ్గిస్తోంది. న్యాయమైన తేమ పట్టీ ఉంటే 21 శాతం తేమ దగ్గర కోసినా భయం లేదు, నీళ్ళు మాత్రమే తీస్తారు కాబట్టి. అయితే మిషన్ దొరకాలి. జనవరిలో చేసిన కోతల క్యాలెండరును మిషన్ యజమానులకు కూడా ఇవ్వాలని నిర్ణయించుకున్నాం. ఏ వారంలో ఏ కాలవ అని ముందే తెలిస్తే వాళ్ళూ ఊరి నుంచి ఊరికి వరుసగా రాగలరు.

మిల్లులతో బేరానికి కూడా ఇది ఉపయోగపడింది. ఇంతకు ముందు రకాలన్నీ కలిపిన లారీ పోయేది, మిల్లు దగ్గర ఒక గుప్పెడు చూసి ధర చెప్పేవాళ్ళు. ఇప్పుడు రకం వేరు, తేమ వేరు చేసి, లాటు పట్టీ ముందే పంపుతున్నాం. మిల్లు వాళ్ళు తమ మిషన్‌తో చూసుకుని మా అంకెతో పోల్చుకుంటారు. రెండూ దగ్గరగా ఉంటే మాట్లాడుకోవడానికి ధర ఒక్కటే మిగులుతుంది. ఒక మిల్లాయన మొదట్లో విసుక్కున్నాడు, తర్వాత పట్టీ లేని లారీ వస్తే "మీ కాగితం యాడ?" అని ఫోను చేశాడు.

మే, సభ్యుల సమావేశం

లెక్కలన్నీ గోడ మీద చూపించాం. ఊరి వారీగా తేమ, సంచుల కింద ఎంత పోయింది, ఎండబెట్టే కూలి ఎంత అయింది, డబ్బు ఎన్ని రోజులకు పడింది. డబ్బు ఆలస్యమైన లాట్లను ఎర్ర రంగులో పెట్టాను. దాని మీద అడిగారు. ఖాతా నంబరు తప్పు పడినవి కొన్ని, మిల్లు నుంచి మాకు రావడం ఆలస్యమైనవి కొన్ని. రెండో రకానికి కంపెనీ దగ్గర కొంత నిలవ నిధి ఉండాలని సభ్యులే అన్నారు.

వెనక వరసలోంచి ఒక అక్క లేచింది. చేను తన పేరునే ఉంది, తనే చేస్తుంది. "మా వడ్లలో తేమ ఎంతుండాదో, తాలు ఎంతుండాదో, సంచి బరువెంతో అంతా చెప్పినారు. మంచిదే. మరి మీరు మిల్లుకి ఎంతకి అమ్మినారో ఆ కాగితంలో ఎందుకు లేదు?"

సమావేశంలో చాలాసేపు దీనిమీదే చర్చ నడిచింది. బోర్డులో కొందరు ఒప్పుకోలేదు. అమ్మిన ధర తెలిస్తే మిల్లులతో బేరం చెడుతుందని వాళ్ళ వాదన. అందులో కొంత నిజముంది. కొనుగోలు జరుగుతున్న రోజుల్లో ధర బయటపడితే పక్క మిల్లుతో మాట్లాడడం కష్టం. కానీ ఆ అక్క అడిగింది సరైన ప్రశ్న. రైతు వైపు లెక్కను ముక్కముక్కలుగా తెరిచి, మన వైపు లెక్కను మూసి పెట్టుకుంటే ఇది రైతు కంపెనీ ఎలా అవుతుంది? నేను ఆ పక్షాన్నే మాట్లాడాను. చివరికి అందరూ ఒప్పుకున్న దారి ఇది. సీజను లాట్లన్నీ అమ్ముడుపోయాక ప్రతి రైతుకు రెండో కాగితం వస్తుంది. అందులో ఆ రైతు లాటు చేరిన లారీ ఏ ధరకు పోయింది, రవాణా, హమాలీ, ఎండబెట్టడం, వడ్డీ ఎంతెంత అయ్యాయి, కంపెనీకి ఏం మిగిలింది అన్నవి ఉంటాయి. మిల్లు పేరు ఉండదు, ధర ఉంటుంది.

ఈ వారం పని అదే. ఒక లారీలో చాలామంది రైతుల లాట్లు ఉంటాయి కాబట్టి రవాణా ఖర్చును బస్తాల లెక్కన పంచాలా, బరువు లెక్కన పంచాలా అన్నది తేల్చాలి. బరువు లెక్కనే రాస్తున్నాను. కానీ తేమకు ఒకసారి పట్టుకుని మళ్ళీ రవాణాలో పట్టుకున్నట్టు కాకుండా, తేమ లెక్క కట్టిన తర్వాత వచ్చిన కిలోల మీదే పంపకం జరగాలి. ఆ సూత్రం రాశాను, మార్చి లాట్ల మీద నడిపి చూస్తున్నాను. ఎడగారు (రెండో పంట) నాట్లు పూర్తయ్యేలోపు మొదటి పంట రైతులందరికీ ఈ రెండో కాగితం చేరాలి. ముందుగా ప్రశ్న అడిగిన అక్కకు చూపించి, ఆమెకు అర్థం కాని వరుస ఏదైనా ఉంటే మార్చి, అప్పుడు అచ్చుకు పంపుతాం.